బేస్తారం ఆడోళ్లు

కోరుట్లలో అత్తగారింటి నుంచి రాజమణిని తీసుకొచ్చింది ఆమె అన్న బాలకిషనే. ఆ సంగతి సిరిసిల్ల బీవై నగర్‌లో తెలియనివాళ్లు లేరు. కొత్తగా కాపురానికొచ్చినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు బాలకిషనే చెప్పేవాడు.

రాజమణి పెదవి చిట్లి పక్కింట్లో కూర్చుందని ఫోన్ రాగానే బాలకిషన్ ట్రాలీ ఆటో మాట్లాడుకుని పొద్దున్నే కోరుట్ల చేరాడు. రాజమణి మొగుడు ధనుంజయ్ అప్పుడే నిద్రలేచి, రాత్రి తాగిన కళ్లు నులుముకుంటూ గడపలో నిలబడి ఉన్నాడు. బాలకిషన్ వాడిని పక్కకు నెట్టి లోపలికి పోయాడు. కుట్టు మిషను, రెండు సంచులు, నాలుగైదేళ్ల కూతురు అక్షితను తెచ్చి ట్రాలీలో పెట్టాడు. గల్లీ అంతా బయటికొచ్చి చూస్తుంటే అందరికీ వినపడేలా అన్నాడు.

"నా చెల్లె నీకు రోడ్డు మీద దొరకలేదురా. నేనిచ్చిన. ఇచ్చినోన్నే తీస్కపోతున్న. ఎవ్వడు ఆపుతడో ఆపుండ్రి."

ఎవ్వరూ ఆపలేదు. ఒక ముసలామె అయితే రాజమణి చెయ్యి పట్టుకుని, "గిసొంటి అన్న ఉంటె ఇంకేం కావాలె బిడ్డా" అంది. రాజమణికీ అట్లాగే అనిపించింది. మిషను మీద చెయ్యేసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని, సిరిసిల్ల వచ్చేదాకా అన్న వీపునే చూస్తూ కూర్చుంది.

బాలకిషన్ ఆసామి. అంటే సాంచెలున్నవాడు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచెలంటారు. ఇంటి కింది భాగమంతా షెడ్డు, పైన కాపురం. పైన వెనక అర్ర రాజమణికిచ్చాడు. షెడ్డులో సాంచెలు మొదలైతే నేల అదిరేది, స్టాండులో గ్లాసులు ఒకదానికొకటి తాకి మోగేవి. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. మొదట్లో ఆ చప్పుడుకు రాజమణి తల పగిలిపోయేది. కొన్నాళ్లకు ఎంత అలవాటైందంటే, కరెంటు పోయి సాంచెలు ఆగితే ఏదో జరిగిందని ఉలిక్కిపడేది.

మిషను అర్రలో పెట్టుకుని జాకెట్లు కుట్టింది. పనితనం బాగుండడంతో గిరాకీలు పెరిగారు. ధనుంజయ్ మీద గృహహింస కేసు నడుస్తుంటే వాయిదాలకు బస్సెక్కి జగిత్యాల పోయి వచ్చేది. కేసు వేయించిందీ అన్నే. వకీలును మాట్లాడిందీ అన్నే.

జగిత్యాల కోర్టు ఆవరణలోనే స్వరూప పరిచయమైంది. ఒకప్పుడు అంగన్‌వాడీ టీచర్. తాను కూడా కొన్నేళ్లు దెబ్బలు తిని బయటపడ్డ మనిషి. ఒక వాయిదా రోజు వకీలు రాక, ఏం చెయ్యాలో తోచక రాజమణి మెట్ల మీద కూర్చుని ఉంటే, "ఎండల గూసుండి ఏం జేస్తవ్, నాతోని రా. చాయన్న తాగుదువు" అని తీసుకుపోయింది. పాత బస్టాండు దగ్గర ఒక ఇనుప సామాన్ల దుకాణం మీద గది. కింద చాపలు. గోడవారగా పది పదిహేనుమంది ఆడవాళ్లు. రాయికల్ నుంచి వచ్చినవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. బుగ్గారం నుంచి వచ్చినామె కాళ్లకు నాటు మడి బురద ఇంకా ఆరలేదు.

అక్కడ పద్ధతులు కొన్నే. ఎవ్వరినీ 'నువ్వేం చేసినవ్, ఎందుకు కొట్టిండు' అని అడగొద్దు. 'సర్దుకపో' అనొద్దు. 'ఇడిసిపెట్టు' అని కూడా అనొద్దు, ఏం చెయ్యాలో ఆమె తేల్చుకుంటుంది. ఇక్కడ విన్నది గడప దాటొద్దు. చివరికి ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడుగుతారు. 'ఇప్పుడు నీకేం కావాలె?' అని.

రాజమణి చాలాసార్లు పోయింది కానీ నోరు విప్పలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం చూసేదానిలా కూర్చునేది. ఒకరోజు రాయికల్ ఆమె తన మొగుడు కోపంతో అన్నం గిన్నె విసిరేసి, పొద్దుగూకినాక ఆకలికి తట్టుకోలేక కింద పడ్డ మెతుకులే ఏరుకుని తిన్న వైనం చెప్పింది. చెబుతూ తనే నవ్వింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య రాజమణి నోట్లోంచి మాట జారింది.

"మావోడు రాత్రి కొట్టి, పొద్దుగాల లేసి నీ చెంపకేమైందే అనెటోడు. ఓనాడు పిల్లి గీకిందని చెప్పిన. కట్టె పట్టుకోని పక్కింటోళ్ల పిల్లిని గల్లీ గల్లీ ఉరికిచ్చిండు."

గది గదంతా పగలబడి నవ్వింది. రాజమణీ నవ్వింది. నవ్వి నవ్వి, ఎప్పుడు మొదలైందో తెలియకుండా ఏడ్చింది. ఎవ్వరూ ఊకో అనలేదు. రాయికల్ ఆమె చాట పక్కన పెట్టి దగ్గరకు జరిగి కూర్చుంది.

పదేళ్ల దాకా సాగిన కేసు ముగిసి, విడాకులు కూడా వచ్చేశాక జగిత్యాల పోవాల్సిన పని లేదు. కానీ రాజమణికి ఆ గది కావాలి. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ల కొలతలు తీసుకునేటప్పుడు వీపుల మీద, భుజాల మీద ఆమెకు కనపడేవి ఇంకెవ్వరికీ కనపడవు. మన దగ్గర కూడా ఇట్లాంటిది ఒకటుంటే బాగుండని స్వరూపతో అంటే, "ఉంటె గాదు, నువ్వు వెట్టు. షురూ చేసేటప్పుడు నేనస్త" అంది స్వరూప.

బాలకిషన్ అప్పటికి కుల సంఘం అధ్యక్షుడు. అడగ్గానే సంఘం హాలు ఇచ్చాడు. ఊరికే ఇవ్వడం కాదు, కొబ్బరికాయ కొట్టించి, మైకు పెట్టించి, ఫొటో జిల్లా పేపర్లో వేయించాడు. స్వరూప రాసిచ్చిన పద్ధతులను తనే మైకులో చదివి వినిపించాడు. "ఆడబిడ్డ మీద చెయ్యెత్తెటోడు మన కులంల ఉండొద్దు" అని చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ రోజు వదిన స్వర్ణలత వచ్చినవాళ్లందరికీ చాయ్ అందించింది.

బేస్తవారం, అంటే గురువారం, మధ్యాహ్నాలు కూర్చునేవాళ్లు. బీడీలు చేసేవాళ్లు చాటలతో వచ్చేవాళ్లు. చేతులు పనిలో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన పని లేదు. ఇంట్లో ఏం చెప్పి రావాలో తెలియక మొదట్లో ఒకామె "బేస్తారం పోయొస్త" అని వచ్చిందట. అదే పేరైపోయింది. బేస్తారం ఇయ్యాల ఉన్నదా, బేస్తారం నువ్వెందుకు రాలేదు, అని. గల్లీలో మగవాళ్లు మాత్రం వాళ్లను బేస్తారం ఆడోళ్లనేవాళ్లు. ఆ అనడంలో కొంత నవ్వు, కొంత జంకు.

ఆ గుంపులో పెద్దది లచ్చవ్వ. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. "ఆయన కొట్టెటోడు లేడు గదా, ఇంక నువ్వెందుకస్తున్నవ్?" అని ఎవరో అడిగితే, "నేను బతికున్న గదనే. నా ముచ్చట ఇన్నేండ్లు ఎవ్వలిన్నరు?" అంది.

అట్లా రెండు మూడేళ్లు నడిచాక, ఒక బేస్తవారం హాలు తలుపు దగ్గర స్వర్ణలత కనపడింది.

గంజి పెట్టిన చీర, మెడలో గొలుసు, చెదరని కొప్పు. స్వర్ణలత ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. చాయ్ తెచ్చిందేమోనని అందరూ ఆమె చేతుల వైపు చూశారు. చేతుల్లో ఏమీ లేదు.

"అధ్యక్షుని పెండ్లామచ్చింది, కుర్షీ ఎయ్యుండ్రి" అంది లచ్చవ్వ.

"కుర్షీ అద్దు పెద్దమ్మా. నేను గూడ గీడ కూసుండెటందుకే అచ్చిన."

చాప మీద, గోడ పక్కన కూర్చుంది. బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి. రాజమణికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది.

"వదినె, నేను బయటికి పోనా?" అంది.

"అద్దు. నువ్వు ఇనాలెననే అచ్చిన."

స్వర్ణలత ఏడవలేదు. చీర కొంగును వేళ్లకు చుట్టుకుంటూ, ధరలు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ మొగోళ్లు తాగి కొడ్తరు. తాగి కొట్టినోడు పొద్దుగాల మర్సిపోతడు. మా ఆయన తాగడు. చాయ్ తాగుకుంట, పేపర్ సదువుకుంట, లేసచ్చి కొడ్తడు. కొట్టి మల్ల పేపర్ పట్టుకుంటడు. సాంచెలు నడిచేటప్పుడే కొడ్తడు. ఆగినంక చెయ్యెయ్యడు. ఒక్కపారి కొట్టబోతుంటె కరెంట్ పోయింది. లేపిన చెయ్యి గట్లనే దించి, కరెంటోళ్లకు ఫోన్ చేసిండు."

స్వర్ణలత రాజమణి వైపు తిరిగింది.

"నిరుడు మెట్లు జారి పడ్డనని చెప్పిన నీకు. యాదికున్నదా?"

గుర్తుంది. ఆ చేతికి కట్టు కట్టించి, వారం రోజులు వంట కూడా చేసిపెట్టింది రాజమణి. పిల్లి గీకిందని చెప్పిన మనిషికి ఆ మెట్లు ఎందుకు కనపడలేదో! అన్న ముఖం అడ్డమొచ్చింది, అంతే. కోరుట్ల గల్లీలో నిలబడి అరిచిన అన్న.

బేస్తవారం నడిపేది తను. అడగాల్సింది తను. అడిగింది.

"ఇప్పుడు నీకేం గావాలె వదినె?"

స్వర్ణలత కాసేపు ఆలోచించింది. ఆ ప్రశ్న ఇంతకుముందు ఎవ్వరూ అడగలేదని ఆమె ముఖంలోనే తెలుస్తోంది.

"ఎవ్వలకన్న ఎరుకుండాలె. ఇయ్యాలటికి గంతే."

ఆ సాయంత్రమే బాలకిషన్ చెల్లెలిని పిలిచాడు. స్వర్ణలత గుడికి పోయి ఉంది. కింద సాంచెలు నడుస్తున్నాయి కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడాడు.

"మీ వదినె హాలుకచ్చిందటనే. ఏం చెప్పింది?"

"బేస్తారం ముచ్చట బయట చెప్పద్దన్నా. నువ్వే సదివినవ్ మైకుల."

"నేను బయటోన్నా? నీ అన్నను."

"గందుకే చెప్తలేను."

బాలకిషన్ నవ్వబోయి మానుకున్నాడు. చెల్లెలి ముఖంలో ఇదివరకు లేనిదేదో కనపడింది.

"కోరుట్ల నుంచి తోల్కచ్చిన నిన్ను. నీడకు వెట్టిన. నీ బిడ్డను సదివిస్తున్న. గిదా నువ్వు నాకు చేసేది?"

ఆ మాట ఎప్పటికైనా వస్తుందని రాజమణికి లోలోపల తెలుసేమో, వచ్చినప్పుడు ఆశ్చర్యపోలేదు. గోడను ఆనుకుంది.

"తోల్కచ్చినవ్. మర్వలే, మర్వ. గాని నోరు మూసుకోని ఉండెటందుకు తోల్కచ్చినవని ఆనాడు చెప్పకపోతివి. చెప్తే ఆడనే ఉండేదాన్ని."

బాలకిషన్ పేపర్ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తరువాతి బేస్తవారం హాలుకు కొత్త తాళం వేసి ఉంది. రిపేర్లున్నాయని, కొన్ని రోజులు ఎవ్వరికీ ఇవ్వరని వాచ్‌మన్ చెప్పాడు. ఎంత కాలమంటే తెలియదన్నాడు.

ఆడవాళ్లు చాటలు చంకలో పెట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు మెల్లగా వెనక్కి తిరిగారు. రాజమణి వాళ్లను ఆపలేదు. తనకూ ఏం చెయ్యాలో తెలియదు. అప్పుడు లచ్చవ్వ హాలు మెట్ల మీద కూలబడి, చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, గిది రోడ్డు. అందరింటరు" అంది రాజమణి.

"ఇననియ్యి. నా మొగడు సచ్చిండు, నాకేం భయం? చెప్పలేనోళ్లు చెప్పద్దు. బీడీలు చేసుకుంట కూసుండుండ్రి. నేను చెప్త, నాయి శాన ఉన్నయి."

అట్లా మెట్ల మీదే జరిగింది. చెప్పగలిగినవాళ్లు చెప్పారు. సగంలో స్వర్ణలత రోడ్డు నడిమధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి రాజమణి పక్కన కూర్చుంది. ఏమీ చెప్పలేదు. అధ్యక్షుడి భార్య ఆ మెట్ల మీద ఆ ఆడవాళ్లతో కూర్చుంటే చెప్పడానికి ఇంకేం మిగిలింది? దుకాణాల్లోంచి మనుషులు తొంగిచూశారు.

సంఘంలో పెద్దమనిషి హన్మండ్లు ధోవతి సర్దుకుంటూ వచ్చాడు.

"ఇంట్ల ముచ్చట్లు రోడ్డు మీదేందమ్మా? మానం మర్యాద ఉండద్దా?"

"తాళం తియ్యి బావా, లోపటికి పోయి మాట్లాడుకుంటం. మాకేమన్న ఎండల గూసుండుడు సోకా?" అంది లచ్చవ్వ.

హన్మండ్లు దగ్గర తాళంచెవి లేదు. కొంచెం సేపు నిలబడి, "గిట్ల గాదు, గిట్ల గాదు" అనుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున రాజమణి మిషను తొక్కుతోంది. కింద సాంచెలన్నీ నడుస్తున్నాయి. రోజూ వినే చప్పుడే. కానీ ఆ రోజు ఆమె ఆ చప్పుడు వెనక ఏముందో వినాలని ప్రయత్నించింది. కాలు ఆపి, చెవి నిక్కించింది. ఏమీ వినపడలేదు. లేచి ముందుగదికి పోయింది. అన్నా వదినల అర్ర తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పేపర్ బల్ల మీద మడతలు విప్పి ఉంది, చాయ్ కప్పులోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

తలుపు మీద అరచేత్తో కొట్టింది. "అన్నా!" అని అరిచింది. తన అరుపు తనకే సరిగా వినపడలేదు. ఆ తలుపు పగలగొట్టే బలం ఆమెకు లేదు. గల్లీలోకి పోయి మనుషులను పిలిస్తే, వాళ్లు వచ్చేసరికి అన్న తలుపు తీసి చాయ్ తాగుతుంటాడు.

మెట్లు దిగి షెడ్డులోకి పరుగెత్తింది. దూది ధూళిలో, నడుస్తున్న సాంచెల మధ్య సందులోంచి చీర ఒడిసిపట్టుకుని పోయింది. చివరి గోడకు మెయిన్ బోర్డు. పిడి రెండు చేతులతో పట్టుకుని కిందికి గుంజింది.

సాంచెలు ఒక్కపెట్టున ఆగిపోయాయి. నిమిషం కిందటి దాకా అదిరిన నేల కదలకుండా అయింది.

"ఎవలు బంద్ వెట్టింది? పోగులన్ని తెగుతయి!" అని సాంచె నడిపే జగదీశ్ కోపంగా అరుచుకుంటూ వచ్చాడు. మీటర్ల లెక్కన కూలి. సాంచె ఆగితే అతనికే నష్టం.

రాజమణి బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. పైకి చూపించింది.

"ఇనుండ్రి" అంది.

షెడ్డు కప్పు మీది నుంచి బాలకిషన్ గొంతు స్పష్టంగా దిగింది. పుట్టింటి ఊరు పేరు పెట్టి తిట్టడం, 'మెట్ల మీద గూసుంటవా' అనడం, తర్వాత దెబ్బ. తర్వాత ఇంకొకటి. తర్వాత స్వర్ణలత గొంతు, పళ్ల మధ్య నుంచి. పనివాళ్లందరూ తలలెత్తి కప్పు వైపు చూశారు. బయట గల్లీలో పోతున్న కూరగాయల బండి ఆగింది. ఎదురింటి వాకిట్లో ఊడుస్తున్న ఆమె చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

కొంచెం ఆలస్యంగా బాలకిషన్‌కు ఆ నిశ్శబ్దం తెలిసింది. మాట మధ్యలో తెగింది. తలుపు తెరిచిన చప్పుడు, మెట్ల మీద అడుగులు.

"ఎవడ్రా మెయిన్ బంద్ చేసింది?"

"నేనే అన్నా."

అతను దగ్గరికొచ్చాడు. ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. "జరుగు" అన్నాడు.

"జరగ."

చెయ్యి లేచింది. రాజమణి కళ్లు మూసుకోలేదు. ధనుంజయ్ ముందు ప్రతిసారీ మూసుకునేది. కళ్లు తెరిచే ఉంచి, అన్న ముఖంలోకే చూసింది. ఆ చెయ్యి గాల్లో ఎంతసేపు ఉందో. చుట్టూ మనుషులున్నారని, సాంచెలు ఆగి ఉన్నాయని అతనికి గుర్తొచ్చినట్టుంది. దించాడు.

"జగదీశ్, ఆన్ చెయ్యి" అన్నాడు, అటు తిరగకుండానే.

జగదీశ్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఆసామిని ఎదిరించిన మనిషి కాదు. నేల వైపు చూస్తూ అన్నాడు. "ఇయ్యాల నాతోని గాదు ఆసామీ." చొక్కా దులుపుకుని తొడుక్కుని బయటికి నడిచాడు. మిగతావాళ్లలో కొందరు అతని వెనకే పోయారు. కొందరు నిలబడిపోయారు.

స్వర్ణలత మెట్లు దిగి వచ్చింది. కొప్పు విడిపోయి ఉంది. దాన్ని సరిచేసుకోవాలని ఆమె అనుకోలేదు.

"రాజమణీ, నీ ఫోనియ్యి. నాది పలగ్గొట్టిండు."

పోలీస్ ఠానాకు పోయేసరికి వాళ్ల వెనక బేస్తారం ఆడోళ్లు సగంమంది ఉన్నారు. లచ్చవ్వ ఏ పనిలో ఉన్నదో ఆ పనిలోంచే లేచి వచ్చినట్టు చాటతో సహా వచ్చింది. జగిత్యాల నుంచి స్వరూప మధ్యాహ్నానికి దిగింది. కాగితం మీద ఏం రాయించాలో ఎవ్వరూ స్వర్ణలతకు చెప్పలేదు. ఆమే చెప్పింది, రాసుకున్నారు. ఈసారి ఏం కావాలని అడిగితే ఆమె ఆలోచించలేదు.

"నేను ఇల్లిడిసి పోను. గా ఇంటికి కోడలిగ అచ్చిన్నాడు రేకుల షెడ్డు. నేను గూడ నూలు కండెలు చుట్టి చుట్టి కట్టిన ఇల్లది. నన్ను కొట్టద్దు. కొట్టాలననుకునేటోడే బయటికి పోవాలె."

కోర్టు ఉత్తర్వు అట్లాగే వచ్చింది, వెంటనే కాదు, తిరగాల్సినంత తిరిగాక. ఆమె మీద చెయ్యి వెయ్యకూడదు, ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. బాలకిషన్ షెడ్డు పక్కన ఆఫీసు గదిలోకి మంచం మార్చుకున్నాడు. ఊళ్లో అడిగితే సాంచెలు చూసుకోవడానికి వీలుగా ఉంటుందని చెప్పాడు.

రాజమణి మాత్రం ఆ ఇంట్లో ఉండలేదు. ఠానా నుంచి వచ్చిన రోజే బాలకిషన్ గేటు దగ్గర నిలబడి, "తెచ్చినోన్ని నేను, ఎల్లగొడ్తున్న" అన్నాడు.

"నువ్వు ఎల్లగొడ్తలేవు. నా కాళ్లతోని నేను పోతున్న" అంది రాజమణి. ట్రాలీ ఆటో ఈసారి తనే మాట్లాడుకుంది. కరీంనగర్‌లో నర్సింగు చదువుతున్న అక్షితకు ఫోన్ చేసి, "ఈపారి సెలవులకు అచ్చినప్పుడు మామ ఇంటికి పోకు. మనిల్లు మారింది" అంది. అటువైపు నుంచి అక్షిత, "మిషన్ తెచ్చుకున్నవ్ గదమ్మా? ఇంకేంది మల్ల" అంది.

అద్దె గది చిన్నది. వర్షం వస్తే ఒక మూల కారుతుంది. అధ్యక్షుడి చుట్టాలు జాకెట్లు ఇవ్వడం మానేశారు. ఇంట్లో చిచ్చు పెట్టే మనిషి చేతి గుడ్డ కట్టుకుంటే కాపురం నిలవదని ఒకామె అందట. ఆ మాట విన్న రోజు రాజమణి ఏడ్చింది, అన్న మీద కూడా ఏడ్చింది. ట్రాలీలో ఆ పొద్దున అతని వీపు చూస్తూ కూర్చున్నప్పటి నమ్మకం పోయినందుకు ఏడ్చింది. అది నిజం కాదని కాదు. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండింటినీ కలిపి మోయడమే కష్టం. కళ్లు తుడుచుకుని మళ్లీ మిషను ముందు కూర్చుంది. కొత్త గిరాకీలు వచ్చారు. కొందరు జాకెట్టు గుడ్డ ఇచ్చి, కొలతలు ఇచ్చి, గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగేవాళ్లు. "బేస్తారం ఏడ జరుగుతుందక్కా ఇప్పుడు?"

బాలకిషన్ పదవి పోలేదు. తరువాతి ఎన్నికల్లో ఎదురు నిలబడినవాడు లేక మళ్లీ అతనే అయ్యాడు. ఎదురైతే రాజమణిని చూడనట్టు పోతాడు. ఆమె మాత్రం పక్కకు తప్పుకోదు, తల దించదు.

ఒకరోజు హన్మండ్లు గది వెతుక్కుంటూ వచ్చాడు. హాలు మళ్లీ ఇస్తారట. కుట్టు శిక్షణ అని బోర్డు పెట్టుకోవాలట. సంఘం కార్యవర్గం ఇండ్లలో ఆడవాళ్లను మాత్రం రానివ్వద్దట.

రాజమణి కత్తెర కింద పెట్టలేదు. గుడ్డ కత్తిరిస్తూనే అంది.

"పెద్దనాయినా, వాళ్లు అడుగుమంటె నువ్వు అడిగినవ్, నీ తప్పేం లేదు. పోయి చెప్పు. కొట్టెటోని పెండ్లాం ఎవ్వలైతె ఆమె అస్తది. అధ్యక్షునిదైనా, కూలోనిదైనా. తాళం వాళ్ల దగ్గర్నే ఉంచుకోమను."

"మరి మీరేడ గూసుంటరు బిడ్డా?"

"మాకు ఇండ్లు లేవా?"

అప్పటి నుంచి వంతులవారీగా ఒక్కో వారం ఒక్కో ఇంట్లో కూర్చుంటున్నారు. వీర్నపల్లి నుంచి కూడా ఇద్దరు వస్తున్నారు. మా ఇంట్లో కుదరదన్నవాళ్లను ఎవ్వరూ బలవంతం చెయ్యరు. కుదురుతుందన్నవాళ్ల గుమ్మంలో ఆ మధ్యాహ్నం చెప్పులు బారుగా కనపడతాయి. ఆ గల్లీలో మగవాళ్లు ఆ చెప్పులు చూసి కొంచెం దూరం నుంచి నడుస్తారు.

మొన్నటి బేస్తవారం స్వర్ణలత వంతు. ముందుగదిలో చాపలు వేసింది. కింద సాంచెలు నడుస్తున్నాయి కాబట్టి అందరూ దగ్గర దగ్గరగా జరిగి కూర్చున్నారు. వీర్నపల్లి నుంచి వచ్చిన పిల్ల, పెళ్లయి ఏడాది కూడా కాలేదు, మొదటిసారి నోరు విప్పి చెబుతోంది. అప్పుడు బాలకిషన్ బండి తాళంచెవి కోసం పైకొచ్చాడు. గుమ్మంలో చెప్పులు చూడలేదో, చూసి కూడా వచ్చాడో. గదినిండా ఆడవాళ్లు. తాళంచెవి అవతలి గోడకున్న మేకుకు వేలాడుతోంది. దాని దాకా పోవాలంటే వాళ్ల మధ్య నుంచి పోవాలి.

పిల్ల చెప్పడం ఆపేసి భయంగా చూసింది. లచ్చవ్వ ఆకు కత్తిరిస్తూ, తలెత్తకుండానే అంది.

"చెప్పులిడిసి రా అధ్యక్షా. మంది గూసున్నరు."

బాలకిషన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు. స్వర్ణలత అతని వైపు చూడలేదు, లేవలేదు, తాళంచెవి అందించలేదు. అతను చెల్లెలి వైపు చూశాడు. రాజమణి చూపు తిప్పుకోలేదు. అతను వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. కొంతసేపటికి గేటు దాటి నడిచే పోతూ కిటికీలోంచి కనపడ్డాడు.

"నువ్వు చెప్పు బిడ్డా" అంది స్వర్ణలత వీర్నపల్లి పిల్లతో, సాంచెల చప్పుడు మీద వినపడేలా గొంతు పెంచి. "ఆయన పోయిండు. గట్టిగ చెప్పు."

పిల్ల కొంగుతో మొహం తుడుచుకుని, కొంచెం ముందుకు జరిగి, ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.